కారణం చెప్పాల్సిన కమిషన్



స్వతంత్ర భారతంలో మొదటి సార్వత్రిక ఎన్నికలు 1951 అక్టోబరు చివర్లో మొదలై 1952 ఫిబ్రవరి దాకా సాగాయి. ఓటర్లు 17 కోట్ల పైచిలుకు. వాళ్లలో ఎక్కువమందికి చదువు రాదు. అప్పటికి ఓటర్ల జాబితా అంటే ఏమిటో దేశానికి కొత్త. జాబితా రాసే సిబ్బంది ఊరూరా తిరుగుతుంటే ఉత్తరాదిన చాలాచోట్ల ఒక చిక్కు వచ్చిపడింది. ఇంట్లో ఆడవాళ్ల పేర్లు చెప్పమంటే చెప్పేవారు కాదు. ఫలానావారి భార్య అని రాసుకోండి, ఫలానావాడి తల్లి అని రాసుకోండి అనేవారు. పరాయి మగవాడి ముందు సొంత పేరు పలకడం అక్కడ ఆచారం కాదు. అలాగే రాసుకొచ్చేశారు కూడా.

మొదటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ దీనికి ఒప్పుకోలేదు. ఓటరుకు తనదంటూ ఒక పేరు ఉండాలి, ఆ పేరుతోనే జాబితాలో ఉండాలి అన్నారు. ఆడవాళ్ల పేర్లు మళ్లీ కనుక్కుని రాయమన్నారు. కొంతమంది చెప్పారు, కొంతమంది చెప్పలేదు. చివరికి దాదాపు 28 లక్షల మంది స్త్రీలు జాబితాలో చోటు లేకుండా మిగిలిపోయారు.

ఈ సంఖ్య మనకు ఎలా తెలుసు? ఏ ప్రతిపక్షమో ఆరోపిస్తే తెలియలేదు. ఏ పత్రికో తవ్వి తీస్తే తెలియలేదు. ఆ ఎన్నికల మీద ఎన్నికల సంఘం ప్రచురించిన నివేదికలోనే ఉంది. మేం నిర్వహించిన ఎన్నికల్లో ఇంతమందికి ఓటు లేకుండా పోయింది, కారణం ఇదీ, అని ఎవరూ నిలదీయకముందే కమిషన్ తనంతట తాను రాసిపెట్టింది. మొదటి ఎన్నికల గొప్పతనం గురించి మాట్లాడేటప్పుడు మనం ఇనప బ్యాలెట్ పెట్టెల గురించి, గుర్తుల గురించి, కొండలెక్కి వెళ్లిన సిబ్బంది గురించి చెప్పుకుంటాం. నాకు మాత్రం అన్నిటికంటే గొప్పగా కనిపించేది ఆ 28 లక్షల లెక్క. ఆ తర్వాత 1953లో సూడాన్ తన మొదటి పార్లమెంటు ఎన్నికలు జరిపించుకోవడానికి సుకుమార్ సేన్‌నే పిలిపించుకుంది. అంతటి పరువు మనకు ఉత్తినే రాలేదు.

ఇప్పుడు 2025కి వద్దాం. బీహారులో ఓటర్ల జాబితా ప్రత్యేక సమగ్ర సవరణ చేపడుతున్నట్లు జూన్ 24న కమిషన్ ఉత్తర్వు ఇచ్చింది. ఆగస్టు 1న ముసాయిదా జాబితా వచ్చింది. అందులో 7 కోట్ల 24 లక్షల పేర్లున్నాయి. అంతకుముందున్న జాబితాతో పోలిస్తే సుమారు 65 లక్షలు తక్కువ. చనిపోయినవారు, ఊరు విడిచి వెళ్లినవారు, రెండుచోట్ల పేరున్నవారు అని కమిషన్ మొత్తాలు చెప్పింది. కానీ ఏ పేరు ఎందుకు తీశారో విడివిడిగా ప్రకటించలేదు. అలా ప్రకటించాలని నిబంధనల్లో లేదని సుప్రీంకోర్టులో వాదించింది. ఆగస్టు 14న కోర్టు చెప్పింది: తీసేసిన ప్రతి పేరూ, దాని పక్కన కారణమూ జనం చూసుకునేలా పెట్టండి అని. అప్పుడు పెట్టారు. కొద్ది రోజుల్లోనే పెట్టగలిగారు. అంటే వివరాలు వాళ్ల దగ్గర సిద్ధంగానే ఉన్నాయన్నమాట.

జాబితా సవరించడం తప్పని నేను అనడం లేదు. చనిపోయినవారి పేర్లు తీయాల్సిందే, రెండుచోట్ల ఉన్న పేరు ఒకచోటికి రావాల్సిందే. అది కమిషన్ హక్కు, బాధ్యత కూడా. సెప్టెంబరు 30న తుది జాబితా 7 కోట్ల 42 లక్షలతో వచ్చింది. బాధ కలిగించేది వేరే విషయం. ఒక మనిషి ఓటు తీసేసినప్పుడు ఎందుకు తీశామో చెప్పాలని సుప్రీంకోర్టు చెబితే తప్ప తోచకపోవడం. 1950లలో ఎవరూ అడగకుండానే చెప్పిన సంస్థ ఇది.

మన తెలుగువాళ్లకు ఇది పక్కవాళ్ల గొడవ కాదు. 2018 డిసెంబరు 7న తెలంగాణ శాసనసభ ఎన్నికల రోజు ఓటు వేయడానికి పోలింగ్ కేంద్రానికి వెళ్లి, జాబితాలో పేరు లేక వెనక్కి వచ్చినవారు ఎంతోమంది. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల పేరు కూడా లేదు. కాబట్టి ఆ సంగతి దేశమంతా తెలిసింది. పేరున్న మనిషి కాకపోతే పోలింగ్ కేంద్రం గుమ్మం దగ్గరే ఆ మాట ఆగిపోయేది. అప్పటి రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. అది మర్యాదే. కానీ ఆ రోజు పోయిన ఓటు ఆ ఎన్నికకు తిరిగి రాదు. మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో ఎన్నికల ముందు ఫారం-7 దరఖాస్తులు లక్షల్లో వచ్చిపడ్డాయి. ఫలానావారి పేరు జాబితా నుంచి తీసేయండి అని అభ్యంతరం చెప్పే కాగితం అది. ఎవరి పేరుతో దరఖాస్తు పెట్టారో, చాలాచోట్ల ఆ మనిషికే ఆ సంగతి తెలియదు. పోలీసు కేసులు పెట్టాల్సి వచ్చింది.

ఇలాంటప్పుడు జనం చూసేది ఒకటే. ప్రధాన ఎన్నికల కమిషనర్ కుర్చీలో కూర్చున్న మనిషి ఎవరివాడు? ఇక్కడే మనం 1949 జూన్ నెలకు వెళ్లాలి.

రాజ్యాంగ సభలో ఎన్నికల కమిషన్ మీద జూన్ 15, 16 తేదీల్లో చర్చ జరిగింది. ఈనాడు 324వ అధికరణంగా ఉన్నది అప్పటికి ముసాయిదాలో 289వ అధికరణం. రాష్ట్రానికో కమిషన్ అన్న పాత ఆలోచన మార్చి, దేశానికంతటికీ ఒకటే కమిషన్ ఉండాలని అంబేడ్కర్ ప్రతిపాదించారు. కొన్నిచోట్ల జాతి, భాష, సంస్కృతుల రీత్యా తమవారు కానివారి మీద వివక్ష చూపి జాబితాల నుంచి పేర్లు తప్పిస్తున్నారన్న ఫిర్యాదులే ఆ మార్పుకు కారణం. ఓటర్ల జాబితా గొడవ ఆనాటిదే, చూశారా!

శిబ్బన్ లాల్ సక్సేనా లేచి సూటిగా అడిగారు. ప్రధాన ఎన్నికల కమిషనర్‌ను రాష్ట్రపతి నియమిస్తారంటే, ఆచరణలో ప్రధానమంత్రి నియమించినట్టే కదా? రేపు వచ్చే ఎన్నికల్లో గెలవాలనుకునే పార్టీ తన మనిషిని అక్కడ కూర్చోబెడితే ఏం చేస్తారు? అందుకని పార్లమెంటు ఉభయ సభల సంయుక్త సమావేశంలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటేనే ఆ నియామకం చెల్లాలని సవరణ ఇచ్చారు. హృదయనాథ్ కుంజ్రూ కూడా ఇదే దిగులు పడ్డారు. అంబేడ్కర్ కప్పిపుచ్చలేదు. కమిషనర్‌ను అన్యాయంగా తీసేయకుండా రక్షణ ఇస్తే సరిపోదని, అసలు తగనివాడో ప్రభుత్వం చెప్పుచేతల్లో ఉండేవాడో ఆ పదవిలోకి రాకుండా ఆపే ఏర్పాటు ముసాయిదాలో లేదని సభలోనే ఒప్పుకున్నారు. చివరికి, పార్లమెంటు చేసే చట్టానికి లోబడి రాష్ట్రపతి నియమిస్తారు అన్న మాటలు చేర్చి తలుపు తెరిచి ఉంచారు. ఆ చట్టం తర్వాత వచ్చేవాళ్లు చేస్తారనుకున్నారు.

కమిషన్ 1950 జనవరి 25న ఏర్పడింది. ఆ చట్టం 2023 డిసెంబరులో వచ్చింది. మధ్యలో ఏ పార్టీ ప్రభుత్వమూ ఆ చట్టం తేలేదు. అన్ని పార్టీలదీ ఇందులో సమాన బాధ్యతే.

ఆ డెబ్భై ఏళ్లూ మనం మనుషుల ధైర్యం మీదే బతికాం. ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా శేషన్ పేరు తెలియనివారు లేరు. కానీ ఆయనకు ముందు ఆ కుర్చీలో ఒక తెలుగాయన ఉన్నారు. ఆర్.వి.ఎస్. పేరిశాస్త్రి. 1986 నుంచి 1990 నవంబరు దాకా ప్రధాన ఎన్నికల కమిషనర్. పద్దెనిమిదేళ్లకు ఓటు హక్కు వచ్చింది ఆయన కాలంలోనే. ఎన్నికల పనిలో ఉన్న అధికారులు ఆ పని ముగిసేదాకా కమిషన్ అదుపాజ్ఞల్లో ఉన్నట్టే లెక్క అనే సెక్షన్లు చట్టంలోకి వచ్చినదీ అప్పుడే. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. కానీ కమిషన్‌కు సొంత సిబ్బంది కొద్ది వందల మందే. నిన్నటిదాకా ముఖ్యమంత్రి మాట విన్న కలెక్టరు, ఎస్పీ, తహసీల్దారు నోటిఫికేషన్ వచ్చిన రోజు నుంచి కమిషన్ మాట వినాలి. మళ్లీ ఎన్నికలయ్యాక పాత యజమాని దగ్గరికే వెళ్లాలి. ఆ సెక్షన్లు లేకపోతే కమిషన్ ఉత్తర్వు ఉత్త కాగితమే.

1989 అక్టోబరులో లోక్‌సభ ఎన్నికలు ప్రకటించడానికి సరిగ్గా ఒక రోజు ముందు, అంటే 16వ తేదీన, కేంద్ర ప్రభుత్వం పేరిశాస్త్రి పక్కన మరో ఇద్దరు కమిషనర్లను నియమించింది. అంతవరకూ ఒక్కరే ఉన్న కమిషన్ ముగ్గురిదయింది. ఒక్కడి మాట నెగ్గకుండా చేయడానికేనని అప్పట్లో విమర్శలు వచ్చాయి. ప్రభుత్వం మారింది. 1990 జనవరి 1న కొత్త ప్రభుత్వం ఆ రెండు పదవులనూ రద్దు చేసింది. కమిషన్ ఒక్కరిదే అయింది. అంటే, కమిషన్‌లో ఎంతమంది ఉండాలో, ఎప్పుడు ఉండాలో, ఎప్పుడు ఉండకూడదో రెండుసార్లూ నిర్ణయించింది ఢిల్లీలో గద్దెమీద ఉన్నవాళ్లే. పేరిశాస్త్రి తర్వాత కొద్దిరోజుల పాటు మరో తెలుగు వ్యక్తి, వి.ఎస్. రమాదేవి ఆ బాధ్యత చూశారు. ఆ పదవి చేపట్టిన తొలి మహిళ ఆవిడే. 1990 డిసెంబరు 12న శేషన్ వచ్చారు.

శేషన్ చేసిన మేలు చిన్నది కాదు. గోడల మీద రాతలు తగ్గాయి, మైకులకు వేళ వచ్చింది, ఓటరుకు ఫొటో గుర్తింపు కార్డు వచ్చింది. మంత్రులు ఎన్నికల నియమావళి అనే మాట విని భయపడటం అప్పుడే మొదలైంది. నిజానికి ఆ నియమావళి ఆయన రాసింది కాదు. 1960లో కేరళలో పుట్టి, అంచెలంచెలుగా పెరిగింది. ఆయన దాన్ని బీరువాలోంచి తీసి అమలు చేశారు. 1993లో కేంద్రం మళ్లీ ఇద్దరు కమిషనర్లను ఆయన పక్కన చేర్చింది. వారిలో జి.వి.జి. కృష్ణమూర్తి తెలుగువారే. శేషన్ కోర్టుకెళ్లారు. 1995లో సుప్రీంకోర్టు ముగ్గురు ఉండటం సబబేనంది. ముగ్గురుండటం మంచిదే, నేనూ ఒప్పుకుంటాను. కానీ ప్రధాన కమిషనర్‌ను తొలగించాలంటే సుప్రీంకోర్టు న్యాయమూర్తిని తొలగించినంత పని ఉంటుంది. మిగతా ఇద్దరికీ ఆ రక్షణ లేదు, ప్రధాన కమిషనర్ సిఫారసు చేస్తే చాలు. నిర్ణయాల్లో ముగ్గురి ఓటూ సమానమైనప్పుడు రక్షణలో ఈ తేడా దేనికో నాకు ఇప్పటికీ బోధపడదు.

పదవి దిగాక ఏమిటన్నది కూడా మాట్లాడాలి. శేషన్ 1999లో కాంగ్రెస్ టికెట్ మీద గాంధీనగర్ నుంచి అద్వానీ మీద పోటీచేశారు. ఆయన తర్వాత ప్రధాన కమిషనర్ అయిన ఎం.ఎస్. గిల్ రాజ్యసభకు వెళ్లి కేంద్ర మంత్రి అయ్యారు. రాజ్యాంగం దీన్ని ఎక్కడా నిషేధించలేదు. ఆ పదవిలో ఉండగా వాళ్లు పక్షపాతం చూపారని నేను అనడం లేదు. కానీ నిన్న మ్యాచ్‌కు అంపైరుగా ఉన్నాయన ఇవాళ ఒక జట్టు చొక్కా తొడుక్కుంటే, నిన్నటి ఔట్ల మీద కూడా జనానికి అనుమానం పుడుతుంది. పదవి దిగాక కొన్నేళ్ల విరామం తప్పనిసరి చేయాలి.

నియామకం సంగతి 2023 మార్చి 2న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. పార్లమెంటు చట్టం చేసేదాకా ప్రధానమంత్రి, లోక్‌సభలో ప్రతిపక్ష నాయకుడు, భారత ప్రధాన న్యాయమూర్తి కలిసి కమిషనర్ల పేర్లు సిఫారసు చేయాలంది. ఆ విచారణ సాగుతుండగానే అరుణ్ గోయల్ నియామకం జరిగింది. 2022 నవంబరు 18న ఐఏఎస్ నుంచి స్వచ్ఛంద పదవీ విరమణ, మర్నాడే ఎన్నికల కమిషనర్‌గా నియామకం. ఇంత తొందర ఎందుకని కోర్టు ఆశ్చర్యపోయింది. కుటుంబ పింఛను దరఖాస్తుకు నెలల తరబడి తిరిగే దేశంలో ఒక ఫైలు ఒక్క రోజులో అన్ని బల్లలూ దాటేసింది.

తర్వాత చట్టం వచ్చింది. కమిటీ ముగ్గురిదే, కానీ ప్రధాన న్యాయమూర్తి స్థానంలో ప్రధాని ఎంచుకున్న కేంద్ర మంత్రి వచ్చారు. ముగ్గురిలో ఇద్దరు ప్రభుత్వం వాళ్లే. ఇక మూడో ఆయన ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా ఒకటే. 2024 మార్చిలో గోయల్ రాజీనామా చేశాక, ఎన్నికల వేళ ఇద్దరు కమిషనర్లను ఎంపిక చేశారు. కమిటీలో సభ్యుడైన అధీర్ రంజన్ చౌధురి చేతికి ముందురోజు రాత్రి 212 పేర్ల జాబితా వచ్చిందని ఆయనే చెప్పారు. రెండువందల పన్నెండు మంది జీవితాలను ఒక్క రాత్రిలో ఎవరు చదవగలరు? ఎంపికైన అధికారులు నిజాయితీపరులే కావచ్చు. కానీ ఇలా వచ్చిన మనిషి ఎంత నిజాయితీగా పనిచేసినా, ఓడినవాడికి ఒక సాకు చేతికిచ్చినట్టే. ఇందులో అన్యాయం ఆ అధికారికి కూడా జరుగుతోంది.

ఆంధ్రప్రదేశ్ ప్రజలు ఈ నాటకాన్ని చాలా దగ్గరగా చూశారు. అక్కడ స్థానిక ఎన్నికలు జరిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం, అది వేరే సంస్థ. 2020 మార్చి 15న అప్పటి రాష్ట్ర కమిషనర్ ఎన్. రమేశ్ కుమార్ కరోనా కారణంగా స్థానిక ఎన్నికలు వాయిదా వేశారు. రాష్ట్ర ప్రభుత్వానికి అది నచ్చలేదు. ఏప్రిల్ 10న ఆర్డినెన్స్ తెచ్చి కమిషనర్ పదవీకాలాన్ని ఐదేళ్ల నుంచి మూడేళ్లకు కుదించారు. దాంతో ఆయన పదవి పోయింది, మరొకరు వచ్చారు. మే 29న హైకోర్టు ఆ ఆర్డినెన్స్‌ను కొట్టేసింది. జులై చివర్లో ఆయన తిరిగి వచ్చారు. పంచాయతీ ఎన్నికల మీద మళ్లీ పేచీ, సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగాయి. అదే ఏడాది మార్చిలో గోవా కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవారిని రాష్ట్ర ఎన్నికల కమిషనర్‌గా పెట్టకూడదని తేల్చిచెప్పింది. ఇందులో మీది ఎవరి పక్షమైనా కావచ్చు. కమిషనర్ నిర్ణయం నచ్చకపోతే ఆయన పదవీకాలాన్నే కత్తిరించే వీలుంటే, తర్వాత వచ్చే కమిషనర్ సంతకం పెట్టేముందు ఎటు చూస్తాడో మీరే ఆలోచించండి.

ఇంతా చెప్పి, కింది స్థాయిలో జరిగే పని గురించి చెప్పకపోతే అన్యాయం. నమ్మకం అన్నది ఎక్కడైనా మిగిలి ఉందంటే అది అక్కడ ఉంది.

పోలింగ్ రోజు తెల్లవారకముందే ఊరి బడిలో ఏజెంట్ల ఎదుట నమూనా పోలింగ్ చేస్తారు. కనీసం యాభై ఓట్లు వేసి, లెక్క సరిపోయిందని చూపించి, ఆ ఓట్లన్నీ తుడిచేస్తారు. నమూనా ఓట్ల వీవీప్యాట్ చీటీలను నల్ల కవర్లో పెట్టి సీలు వేస్తారు. సాయంత్రం వేళ ముగిశాక ఇంకా క్యూ ఉంటే, ప్రిసైడింగ్ ఆఫీసరు క్యూ చివర నిలబడ్డ మనిషి దగ్గర మొదలుపెట్టి ముందుకు చీటీలు ఇచ్చుకుంటూ వస్తారు. ఇక కొత్తగా ఎవరూ వచ్చి వెనకాల చేరలేరు. ఆఖరి ఓటు పడ్డాక కంట్రోల్ యూనిట్ మీద క్లోజ్ బటన్ నొక్కుతారు. మొత్తం ఎన్ని ఓట్లో అంకె కనిపిస్తుంది. ఆ అంకె ఫారం 17-సీలో రాసి, ఏజెంట్ల చేత సంతకాలు చేయించి, ఒక్కో ఏజెంటుకూ ఒక్కో నకలు ఇస్తారు. పెట్టె సీలు మీద కూడా వాళ్ల సంతకాలుంటాయి. లెక్కింపు రోజు ఆ నకలు పట్టుకుని, మిషన్ మీది అంకెతో పోల్చి చూసుకుంటారు. ఒక బడిపంతులూ, ఎదురెదురు పార్టీల ఇద్దరు కుర్రాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకే అంకె మీద సంతకం పెడతారు. 2024లో దేశంలో పదిన్నర లక్షల పోలింగ్ కేంద్రాల్లో ఇదే జరిగింది.

ఈ కాగితం ఇంత బాగా పనిచేస్తున్నప్పుడు పైన ఎందుకు తడబడ్డారు? 2024 లోక్‌సభ తొలి విడత పోలింగ్ ఏప్రిల్ 19న జరిగితే, పూర్తి పోలింగ్ శాతం ఏప్రిల్ 30న వచ్చింది. ఓట్ల సంఖ్య కాదు, శాతమే. సంఖ్యలు మే 25న ఇచ్చారు. అవి ఇవ్వాలంటూ వేసిన పిటిషన్‌పై మధ్యంతర ఉత్తర్వు ఇవ్వబోమని సుప్రీంకోర్టు చెప్పిన మర్నాడు. సాయంత్రం చెప్పిన శాతానికీ, తర్వాత వచ్చిన శాతానికీ తేడా ఉండటంలో వింత లేదు. మే 13న ఆంధ్రప్రదేశ్‌లో చాలా పోలింగ్ కేంద్రాల్లో అర్ధరాత్రి దాటేదాకా జనం క్యూలో ఉన్నారు. వాళ్ల ఓట్లు సాయంత్రం లెక్కలో ఎలా వస్తాయి? ఆ రాత్రే, పోనీ రెండో రోజే, 17-సీలోని అంకెలు బయటపెడితే ఏ పుకారూ పుట్టేది కాదు.

2024 డిసెంబరు 20న ఎన్నికల నిర్వహణ నియమాల్లో 93వ నియమాన్ని మార్చారు. పోలింగ్ కేంద్రాల కెమెరా దృశ్యాల వంటివి జనం అడిగి చూసే వీలు తగ్గించారు. హర్యానా ఎన్నికల వీడియోలు ఇవ్వమని హైకోర్టు చెప్పి పదకొండు రోజులైంది అప్పటికి. ఓటర్ల, ముఖ్యంగా స్త్రీల ఆంతరంగికతకు భంగమని కమిషన్ చెప్పింది. ఆ మాటలో న్యాయం ఉంది, కాదనను. మరి అభ్యర్థికో, కోర్టు చెప్పినవారికో, ఒక అధికారి సమక్షంలో చూపించవచ్చు కదా? దానికి బదులు, ఎన్నికల పిటిషన్ పడకపోతే 45 రోజుల తర్వాత వీడియోలు తీసేయవచ్చని మరుసటి మే నెలలో ఆదేశాలిచ్చారు. పిటిషన్ వేయడానికి గడువు 45 రోజులే. సాక్ష్యం చూడకుండా పిటిషన్ వేయాలి, పిటిషన్ వేయకపోతే సాక్ష్యం ఉండదు.

నేను కోరేవి ఎక్కువ కాదు. కమిషనర్లను ఎంచే కమిటీలో ప్రభుత్వం మాటే నెగ్గని ఏర్పాటు కావాలి. అక్కడ ప్రధాన న్యాయమూర్తే ఉండాలన్న పట్టు లేదు, సక్సేనా అడిగినట్టు పార్లమెంటులో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోలైనా సరే. ముగ్గురు కమిషనర్లకూ ఒకే రక్షణ. 17-సీ అంకెలు మర్నాటికల్లా అందరికీ. జాబితాలోంచి తీసే ప్రతి పేరు పక్కనా కారణం.

ఈ ఆఖరిదానికి చట్టంలో ఇప్పటికే కొంత ఆధారం ఉంది, శ్రోతలు గుర్తుంచుకోవాలి. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం, ఊళ్లో ఉండటం లేదనో, అర్హత లేదనో మీ పేరు తీసేముందు మీ మాట చెప్పుకునే అవకాశం ఇచ్చి తీరాలి. ఆ అవకాశం ఇవ్వకుండా తీశారనిపించినా, చెప్పిన కారణం తప్పనిపించినా, నియోజకవర్గ ఓటర్ల నమోదు అధికారి ఉత్తర్వు మీద 15 రోజుల్లో కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా న్యాయం దొరకకపోతే 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి రెండో అప్పీలు ఉంది. ఉత్తర్వు నకలు రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.